ప్రశ్న కొస, జవాబు కొస

మాఘమాసం, గురువారం, పొద్దున పదింబావు. ఆంధ్ర రాష్ట్రం విడిగా ఏర్పడిన తరవాత వచ్చిన మొదటి చలికాలం. చోడవరం ఆసుపత్రిలో డాక్టరుగారి గది తలుపు తెరుచుకుని మా అప్ప బయటికొచ్చింది. ఆవిడ మొహం చూడగానే తెలిసిపోయింది, పరీక్ష పోయిందని.

టైము ఇంత గట్టిగా ఎలా చెబుతున్నావని అడుగుతారేమో. మా నర్సమ్మ జాకెట్టుకి పిన్నుతో తగిలించుకునే గడియారం ఒకటి ఉండేది. ఆవిడ నా పక్కనే నిలబడి ఉంది. నాకు అప్పటికి ఒక్క అక్షరం రాదు గానీ గడియారం ముళ్ళు మాత్రం చదవగలను. నాడి చూడాలంటే అది రాక తప్పదు.

ఈ కథ నర్సింగు పరీక్షలకి కూర్చునే పిల్లల కోసం రాస్తున్నాను. మొన్న మా మనవరాలి హాస్టలుకి వెళ్ళాను. మంచం మీద ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా కూర్చున్నారు. ఒకత్తె పుస్తకం పట్టుకుని అడుగుతోంది, ఇంకొకత్తె కళ్ళు మూసుకుని గడగడా చెబుతోంది. ఎంతసేపు చూసినా వాళ్ళు చోటు మారలేదు. అడిగేది అడుగుతూనే ఉంది, చెప్పేది చెబుతూనే ఉంది. నాకు భయమేసింది. ఈ వయసులో నాకు పరీక్షంటే భయమేమిటని మీరు నవ్వొచ్చు. చదివాక నవ్వండి.

అప్ప అంటే నా తోడబుట్టింది కాదు. మా వైపు అక్కని అప్ప అంటాం. నాకంటే ముందునుంచీ ఆ ఆసుపత్రిలో ఆయాగా ఉంది కాబట్టి అలా పిలిచేదాన్ని. చీడికాడ పక్క ఊరు. క్రైస్తవుల ఇల్లు. చిన్నప్పుడు మిషను బడిలో మూడో క్లాసు దాకా చదువుకుంది, తెలుగు బాగా చదివేది. మొగుడు మంచాన పడ్డాడు. ఆసుపత్రి వెనకాల రేకుల గది ఒకటి ఆయాలకని ఇచ్చారు, అందులో మొగుణ్ణీ ఇద్దరు పిల్లల్నీ పెట్టుకుని ఉండేది. ఉద్యోగం పోతే ఆ గదీ పోతుంది. ఇది మీరు మరిచిపోవద్దు, మేము ఒక్కరోజు కూడా మరవలేదు.

ఇక నా సంగతి. ఆసుపత్రికి రాకముందు నేను బెల్లం పొయ్యి దగ్గర కూలిని. చెరకు ఆడాక మిగిలిన పిప్పిని ఎండబెట్టి పొయ్యిలో తోసే పని. ఒకరోజు పాకం తుళ్ళి మా జట్టులో ఒకామె చెయ్యి బొబ్బలెక్కితే బండిలో వేసుకుని ఆసుపత్రికి తెచ్చాను. నర్సమ్మ కట్టు కడుతుంటే అందరూ మొహాలు తిప్పుకున్నారు. నేను చెయ్యి పట్టుకుని కదలకుండా కూర్చున్నాను. కట్టడం అయ్యాక నర్సమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఏమ్మా, పనిలో చేరతావా?" అంది. ఆవిడ గుంటూరు వైపు మనిషి. మా మాట ఆవిడకి నవ్వు, ఆవిడ మాట మాకు నవ్వు. "కూడెడతారేటి?" అన్నాను. "జీతం ఇస్తారు, కూడు నువ్వే వండుకోవాలి," అంది. చేరాను.

మా ఇద్దరివీ టెంపరరీ ఉద్యోగాలే. ఇలా ఉండగా పైనుంచి ఆర్డరు వచ్చింది. ఊరికే పక్కలు ఎత్తి బాల్చీలు మోసే ఆయాలు చాలరట, నర్సుకి సాయం చెయ్యగలిగినవాళ్ళే కావాలట. మాఘమాసంలో విశాఖపట్నం నుంచి ఒక డాక్టరమ్మ వచ్చి నోటితో పరీక్ష పెడుతుంది. నెగ్గినవాళ్ళు పర్మినెంటు. ఓడినవాళ్ళు ఆ నెలాఖరుకి ఇంటికి.

నర్సమ్మ ఈ మాట చెప్పి, "భయపడకండి, మీరు రోజూ చేసే పనే అడుగుతారు," అంది.

"సెయ్యమంటే సేస్తాం నర్సమ్మా. సెప్పమంటే ఎలగ?" అన్నాను.

"చెప్పడం కూడా నేర్చుకోవాలి."

ఆవిడ రోజూ కాస్త చెప్పేది, మా అప్ప పుస్తకంలో రాసుకునేది. జ్వరం రోగికి ఒళ్ళెలా తుడవాలి, మంచాన పడ్డవాళ్ళకి వీపు పుళ్ళు పడకుండా ఏం చెయ్యాలి, నాడి ఎక్కడ చూడాలి, కాలితే ఏం చెయ్యాలి, రక్తం కారితే ఏం చెయ్యాలి. ప్రశ్న ఒక పక్క, జవాబు ఒక పక్క. పుస్తకం నిండింది. ఇక దాన్ని తలకెక్కించుకోవాలి. ఎప్పుడు? పొద్దున్నుంచి సాయంత్రం దాకా పనే. కూర్చుని చేసే పని ఒక్కటే ఉండేది, కట్టుగుడ్డలు చుట్టడం.

ఇప్పటి పిల్లలకి కట్టుగుడ్డ అంటే కాగితం చింపి తీసేది. అప్పట్లో వాడిన గుడ్డనే ఉతికి, కాగబెట్టి, ఎండేసి, మళ్ళీ చుట్టలు చుట్టేవాళ్ళం. గుడ్డ బాగా పొడుగు. చుట్ట బిగువుగా రావాలంటే ఒకళ్ళు ఆ కొస లాగి పట్టాలి, ఇంకొకళ్ళు ఈ కొసనుంచి రెండు చేతులతో చుట్టుకురావాలి. వదులుగా చుట్టిన చుట్ట కట్టు కడుతుంటే చేతిలోంచి జారి గది అంతా దొర్లుతుంది, నర్సమ్మ తిట్లు దాని వెనకే దొర్లుతాయి.

చదివేది అప్ప కాబట్టి పుస్తకం ఆవిడ చేతుల్లో ఉండాలి. చేతులు ఖాళీ లేవు కనక ఆవిడ గుడ్డ కొసని కాలి బొటనవేలి కింద తొక్కిపెట్టేది. నాకు చదువు రాదు, చేతులు ఖాళీ, కాబట్టి చుట్టడం నాది. ఆవిడ ప్రశ్న చదివేది, నేను చుడుతూ జవాబు చెప్పేదాన్ని. మొదట్లో జవాబు కూడా ఆవిడే చదివి వినిపించేది. రెండు మూడు సార్లు వింటే నాకు పట్టుబడేది. చదువు రాని బుర్రకి విన్నదాన్ని దాచుకోవడం తప్ప వేరే దారి ఉండదు గదా.

తప్పు చెప్పానా, బొటనవేలితో గుడ్డని గుంజేది. చుట్ట నా చేతిలోంచి ఎగిరిపడేది. ఆ తరవాత తిట్లు.

"ఒసే గుంటా, సన్నీళ్ళతో తుడుస్తావేటే జ్వరం మనిషిని? పేణం తీస్తావా? గోరెచ్చటి నీళ్ళు! ఎన్నిసార్లు సెప్పేను?"

"మరిసిపోయేనప్పా."

"రోగి మరవడు. సచ్చి పైకెల్లి నీ మీద సెప్తాడు."

మేము ఈ పని చేసేది వార్డు వరండాలో. పక్కమంచం మీద మాడుగుల తాత ఒకాయన ఉండేవాడు. చెరకు గానుగలో కుడిచెయ్యి వేళ్ళు నలిగి వచ్చాడు. తెల్లవార్లూ మూలిగేవాడు, పగలు మా చదువు మొదలయ్యేసరికి మూలుగు మానేసి చెవులు రిక్కించేవాడు. కొన్నాళ్ళకి నాకంటే ముందు తనే జవాబు అందించేవాడు.

"పుళ్ళు పడకుండా ఏటి సెయ్యాల?" అని అప్ప అడిగితే, "పక్కకి తిప్పాల, వీపు తుడిసి పొడి రాయాల," అని మంచం మీదనుంచి కేకేసేవాడు.

"నిన్నెవలు అడిగేరు తాతా?"

"నా వీపు కాదేటే! ఇన్నాళ్ళూ అలగే తిప్పుతున్నారు, ఆ మాత్రం తెల్దా?"

నర్సమ్మ అప్పుడప్పుడు వచ్చి వినేది. ప్రశ్నలు అప్ప నోట, జవాబులు నా నోట చకచకా నడుస్తుంటే మురిసిపోయేది. "ఇద్దరికీ బాగా వచ్చేసింది. ఇక నాకు దిగుల్లేదు," అంది. మేమూ అలాగే అనుకున్నాం. మా ఇద్దరిలో ఎవరికి ఏం వచ్చిందో ఒక్కరం కూడా ఆగి చూసుకోలేదు. అడిగే చోట నేను ఏనాడూ కూర్చోలేదు. చెప్పే చోట ఆవిడ ఏనాడూ కూర్చోలేదు. పుస్తకం ఆవిడ చేతిలో ఉంది కాబట్టి చదువంతా ఆవిడ బుర్రలో ఉందని ఆవిడా అనుకుంది, మేమూ అనుకున్నాం.

ఇక గురువారం సంగతి.

పరీక్ష డాక్టరమ్మ పొద్దున్నే వచ్చింది. తెల్లచీర, కళ్ళజోడు, నవ్వని మొహం. డాక్టరుగారు తన గది ఆవిడకి ఇచ్చి ఊళ్ళోకి కేసు చూడ్డానికి వెళ్ళిపోయారు. గదిలోకి ఒక్కొక్కరే రావాలి, నర్సమ్మ లోపలికి రాకూడదు. సీనియరు కనక ముందు అప్ప వెళ్ళింది. గంజి పెట్టిన చీర కట్టుకుని, మనసులో ప్రార్థన చేసుకుని మరీ వెళ్ళింది. నేను బయట ధైర్యంగా ఉన్నాను. ఆవిడ నెగ్గుతుంది, నాదే అనుమానం అనుకున్నాను.

ఆవిడ బయటికొచ్చిందని మొదట్లోనే చెప్పాను గదా. వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది.

"ఏటైందప్పా?"

"ఒక్కటీ సెప్పలేదే."

"రాలేదా?"

"వచ్చు. అన్నీ వచ్చు. ఆయమ్మ ప్రశ్న అడిగీసి నా మొకం సూసింది. నేనూ ఆయమ్మ మొకం సూసేను, తరవాత ప్రశ్న ఏటా అని." చీర చెంగుతో మొహం తుడుచుకుంది. "ఇన్నాళ్ళూ అడిగిందే గదే నేను! సెప్పింది నువ్వు. సెప్పేటప్పుడు నోరెలగ తెరవాలో నాకు తెల్లేదు."

నర్సమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "అయ్యో, ఏం పని చేశానమ్మా! ఒక్కసారి మిమ్మల్ని తిరగేసి కూర్చోబెట్టి ఉంటే!" అంది.

అప్ప వరండా చివరకి చూస్తోంది. అక్కణ్ణుంచి రేకుల గది కనిపిస్తుంది. గుమ్మంలో ఆవిడ చిన్నపిల్ల కూర్చుని ఉంది. నేను ఏదో అనేలోగా లోపలినుంచి నాకు పిలుపు వచ్చింది.

డాక్టరమ్మ నన్ను స్టూలు మీద కూర్చోమంది. "రోగికి జ్వరం బాగా ఎక్కువగా ఉంది. ఒళ్ళు తుడవమన్నారు. ఎలా తుడుస్తావు?"

నాకు ఇది నిద్రలో వచ్చు. కానీ నోరు పెగల్లేదు. పక్కగదిలో కాంపౌండరు కల్వంలో మందు నూరుతున్న చప్పుడు ఒక్కటే. డాక్టరమ్మ కాగితం మీద కలం పెట్టింది. అంతలో ఆవిడ చూపు నా ఒళ్ళోకి వెళ్ళింది.

"చీరని ఏం చేస్తున్నావు?"

నేనూ చూసుకున్నాను. పమిట చెంగు చుట్టలా చుట్టేస్తున్నాను, నాకు తెలీకుండానే.

"సుడతన్నానమ్మా."

"ఎందుకు?"

"సుట్టకపోతే నోరు రాదమ్మా. కట్టుగుడ్డలు సుట్టుకుంటా నేర్సుకున్నాం. సేతులు ఊరికే ఉంటే బుర్రా ఊరికే ఉంటంది."

నేను ఉన్నమాట అన్నాను. వేషాలు వెయ్యడం నాకు చేతకాదు, అప్పుడూ ఇప్పుడూ. ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ లేచి, మూల బుట్టలోంచి చుట్టని గుడ్డ ఒకటి తెచ్చి నా ఒళ్ళో వేసింది. నేను ఒక కొస అందుకుని, రెండో కొస వైపు చూశాను. అది నేల మీద పడి ఉంది.

"ఇంకా ఏం కావాలి?"

"ఆ కొస ఎవలైనా లాగి పట్టాలమ్మా."

ఆవిడ తలుపు వైపు చూసింది. తలుపు తీసి ఎవర్నైనా పిలిస్తే పరీక్ష రూలు పోతుంది. వంగి ఆ కొస తనే తీసుకుంది. కుర్చీలో కూర్చుని లాగి పట్టింది. గుడ్డ బిగిసింది. నా చేతులు కదిలాయి.

"తలుపులు మూసి గాలి కొట్టకండా సెయ్యాల. గోరెచ్చటి నీళ్ళు తెచ్చుకోవాల. ఒళ్ళంతా ఒక్కసారి విప్పకూడదు, ఏ భాగం తుడిస్తే ఆ భాగమే బయటెట్టాల. ముందు మొకం, తరవాత సేతులు. సంకల్లోనూ గజ్జల్లోనూ తడిగుడ్డ ఉంచాల. వణుకొస్తే ఆపీసి దుప్పటి కప్పాల, నర్సమ్మని పిలవాల..."

చుట్ట పూర్తయింది. ఆవిడ ఏమీ అనకుండా గుడ్డ మళ్ళీ విప్పి నాకిచ్చింది. ఇంకో ప్రశ్న. మళ్ళీ చుట్టాను. వీపు పుళ్ళు అయ్యాయి, కాలిన గాయాలు అయ్యాయి, నాడి అయ్యింది. చివరికి ఆవిడే, "ఈ చుట్ట బాగా వచ్చింది," అంది. ఆవిడ నోట వచ్చిన మొదటి మంచిమాట అది. నా కాగితం మీద ఏదో రాసి, "పాసయ్యావు. వెళ్ళొచ్చు," అంది.

నేను లేవలేదు.

"వెళ్ళమన్నాను."

"ఎల్లనమ్మా. ఇంతకుముందు వచ్చినావిడ ఉందే, ఆవిడ సదివితేనే నాకీ ముక్కలన్నీ వచ్చేయి. ఆవిడకి రాకపోతే నాకెక్కణ్ణుంచి వస్తాయి?"

"ఎన్ని ప్రశ్నలు అడిగానో తెలుసా? నా మొహం చూసింది గానీ నోరు తెరవలేదు."

"మరి ఆవిడ పని అడగడం గదమ్మా. ఆ పని మీరు సేసీసేరు. ఇంకావిడికి ఏటి మిగిలింది?"

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నవ్వు ఆపుకోవడానికని తరవాత తెలిసింది. "ఇప్పుడేం చెయ్యమంటావు? జాలిపడి పాస్ చెయ్యమంటావా? రేపు ఆమె చేతిలో రోగి ఉంటాడు."

చేతిలోని చుట్ట అటూ ఇటూ తిప్పాను. అప్పుడు గుర్తొచ్చింది, అప్ప నోటినుంచి జవాబు వచ్చేది ఎప్పుడో. నేను తప్పు చెప్పినప్పుడు. గుడ్డ గుంజి తిట్టినప్పుడు. పుస్తకం వైపు చూడకుండానే తిట్టేది!

"అమ్మా, ఆవిణ్ణి పిలిసి నన్ను అడగమనండి. నేను తప్పు సెప్తాను. అప్పుడు సూడండి."

ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "సరే. కానీ ఒక షరతు. నువ్వు అన్నీ తప్పులే చెప్పాలి. ఒక్క నిజమైన ముక్క అందించినా నీ పాసు కూడా కొట్టేస్తాను."

"కొట్టీయండి," అన్నాను. అనేశాక నా కళ్ళముందు బెల్లం పొయ్యి మంట కనపడింది.

తలుపు తీసి అప్పని పిలిచారు. నర్సమ్మ గుమ్మం దగ్గర నిలబడటానికి ఒప్పుకుంది డాక్టరమ్మ. అప్పకి సంగతి చెబితే సగమే బుర్రకెక్కింది. నా ఎదురుగా కూర్చుంది. బొటనవేలు మాత్రం తనంతట తనే వెళ్ళి గుడ్డ కొసని తొక్కింది. చేతుల్లో పుస్తకం లేదు. ఆ ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటోంది.

"స్పృహ లేని రోగి. అడుగు," అంది డాక్టరమ్మ.

అప్ప గొంతు పీలగా వచ్చింది. "సుప్పృహ లేని రోగిని... ఎలగ సూసుకోవాల?"

నేను చుట్టడం మొదలుపెట్టాను. "ఎల్లకిలా పడుకోబెడతాను."

అప్ప నేల చూపులు చూస్తోంది.

"తల కింద దిండ్లు ఎత్తుగా పెడతాను."

అప్ప బొటనవేలు కదల్లేదు. పక్కగదిలో కల్వం చప్పుడు కూడా ఆగిపోయింది. గుమ్మంలో నర్సమ్మ పెదవులు కొరుక్కుంటోంది. డాక్టరమ్మ కలం తీసుకుంది. నాకు గట్టిగా అరవాలనిపించింది, పక్కకి తిప్పాలప్పా అని. పళ్ళు బిగబట్టాను. నిజం చెబితే ఇద్దరం పోతాం. ఇంతకంటే పెద్ద తప్పు ఏముంటుందా అని వెతికాను. అప్పకి ఒళ్ళు మండించే తప్పు కావాలి. ఊళ్ళో ఎవరైనా పడిపోతే నలుగురూ మూగి చేసే పని ఒకటుంది. దాని మీద అప్ప ఆసుపత్రికొచ్చిన ప్రతివాళ్ళనీ తిట్టేది.

"సెంబుడు నీళ్ళు తెచ్చి," అన్నాను నిదానంగా, "నోట్లో పోస్తాను."

గుడ్డ ఫట్టుమని గుంజుకుంది. చుట్ట నా చేతిలోంచి ఎగిరి డాక్టరమ్మ బల్ల కిందకి దొర్లింది.

"నీళ్ళా? నీళ్ళు పోస్తావేటే?" అప్ప లేచి నిలబడింది. "మింగడం తెల్దు గదే ఆ మనిసికి! ఆ నీళ్ళు తిన్నగా ఊపిరిగొట్టంలోకి ఎల్తాయి. సంపుతావా రోగిని? దిండ్లెందుకే నీకు, దిండ్లు తీసీయాల! ఎల్లకిలా ఎవలు పడుకోబెట్టమన్నారు? పక్కకి తిప్పాల, తల పక్కకి వాల్చాల. నోట్లో ఎంగిలున్నా, వాంతున్నా గుడ్డతో తుడిసీయాల. కట్టుడు పళ్ళుంటే తీసీయాల. బిగుతు బట్టలు వదులు సెయ్యాల. ఊపిరి సూడాల, నాడి సూడాల, మనిసిని వదిలి ఎక్కడికీ ఎల్లకూడదు, అక్కణ్ణుంచే నర్సమ్మని కేకెయ్యాల!"

"పక్కకి ఎందుకు తిప్పాలి?" డాక్టరమ్మ మెల్లిగా అడిగింది.

అప్ప ఆవిడ వైపు చూడలేదు. నా మీదే కళ్ళెర్రజేసి చెప్పింది. "నాలిక ఎనక్కి పడిపోతే ఊపిరాడదు. వాంతైతే బయటికి పోవాల గానీ లోపలికి పోకూడదు. నీకు నిన్ననే గదే సెప్పేను!"

వరండా వైపు కిటికీ అవతలనుంచి మాడుగుల తాత గొంతు వినిపించింది. "నాకూ సెప్పింది తల్లీ! నేనూ విన్నాను!"

"ఎవరది?" అంది డాక్టరమ్మ.

"రోగేనండీ," అంది నర్సమ్మ సిగ్గుపడుతూ. "చేతికి గానుగ దెబ్బ. వీళ్ళ చదువు వింటూ ఉంటాడు."

"అయితే ఆయన్నీ పాస్ చెయ్యాలా?"

"నీకు పరీచ్చ లేదు తాతా, నోరు ముయ్యి!" అప్ప కిటికీ వైపు ఒక కేక వేసింది. అప్పుడు స్పృహలోకి వచ్చింది ఆవిడ. తను ఎక్కడుందో, ఎవరి ముందుందో తెలిసింది. చీర సర్దుకుని కూర్చుంది, కానీ ఇందాకటి మనిషిలా కాదు.

"ఇంకొకటి," అంది డాక్టరమ్మ. "చెయ్యి తెగి రక్తం కారుతోంది."

నేను బల్ల కింద చుట్ట తీసుకుని కూర్చున్నాను. నా పని నేను చెయ్యాలి గదా. "రోగిని నిలబెట్టి..." అన్నాను.

"నువ్వాగు," అంది అప్ప. "నీ తప్పులు సాలు. నేను సెప్తాను." డాక్టరమ్మ వైపు తిరిగింది. "కూర్సోబెట్టాలమ్మా, లేదంటే పడుకోబెట్టాల. శుబ్రమైన గుడ్డ మడతపెట్టి గాయం మీద గట్టిగా నొక్కాల. సెయ్యి ఎత్తి పట్టాల. గుడ్డ తడిస్తే తియ్యకూడదు, దాని మీదే ఇంకోటి పెట్టి నొక్కాల..."

తరవాతివన్నీ ఆవిడే చెప్పింది, నేరుగా డాక్టరమ్మకే. నేను గుడ్డ చుట్టుకుంటూ కూర్చున్నాను. నా అవసరం తీరిపోయింది. అంత హాయిగా నేను ఇంకెప్పుడూ ఊరికే కూర్చోలేదు.

డాక్టరమ్మ రెండో కాగితం మీద కూడా రాసింది. కలం మూసి, "నువ్వు రోగిని కూడా ఇలాగే తిడతావా?" అని అడిగింది అప్పని.

"రోగిని ఎందుకు తిడతానమ్మా? రోగి తప్పు సెయ్యడు గదా."

"సరే. పాసయ్యావు."

బయట వరండాలో అప్ప నన్ను కావిలించుకుంటుందనుకున్నాను. ఆవిడ నా జబ్బ పట్టుకుని ఊపేసింది. "నిజం సెప్పు. రోగికి నీళ్ళు పోసీవా ఎప్పుడైనా?"

"ఓలమ్మో, తప్పు సెప్పమన్నారని సెప్పేనప్పా!"

"తప్పైతే మాత్రం అంత తప్పా? ఇంకో సిన్న తప్పు దొరకలేదేటి నీకు?"

"సిన్నవి రెండు సెప్పేను. నువ్వు పలకలేదు."

అప్పుడు నవ్వింది. నవ్వుతూ అలాగే కింద కూలబడి ఏడ్చింది. నర్సమ్మ ఆవిడ వీపు రాస్తూ కూర్చుంది. మాడుగుల తాత కొడుకు తెచ్చి పెట్టిన హల్వా పొట్లం తలగడ కిందనుంచి తీసి, ఎడంచేత్తో తుంచి మాకు పెట్టాడు. "నేను పాసైనందుకు," అన్నాడు. తినేసి చేతులు కడుక్కుని బాల్చీలు ఎత్తుకున్నాం. పరీక్ష రోజైనా వార్డు వార్డే.

ఆ మర్నాటినుంచి నర్సమ్మ మాకొక రూలు పెట్టింది. ఒక చుట్ట ఒకళ్ళు చుడితే తరవాతి చుట్ట ఇంకొకళ్ళు చుట్టాలి. అంటే పుస్తకం నా చేతికీ రావాలి. నాకు చదువు రాదు గదా అన్నాను. "అయితే నేర్చుకో," అంది. అప్పే నేర్పింది. ముప్పై దాటాక అ ఆ లు దిద్దాను. ఆవిడ చుట్టే చుట్టలు ఎప్పుడూ వంకరే, నా అక్షరాలూ వంకరే. ఒకళ్ళనొకళ్ళం తిట్టుకుంటూ చాలా ఏళ్ళు గడిపాం. ఆ రేకుల గదిలోనే ఆవిడ పిల్లలు పెరిగారు. నేను ఇప్పుడు ఇది రాయగలుగుతున్నది ఆవిడ బొటనవేలి పుణ్యమే.

కాబట్టి పిల్లలూ, చదువుకునేటప్పుడు చోటు మారండి. అడిగేవాళ్ళు చెప్పండి, చెప్పేవాళ్ళు అడగండి. తిట్టడానికి ఒకళ్ళు దొరికితే ఇంకా మంచిది. పుస్తకం చేతిలో ఉంటే అంతా వచ్చినట్టే ఉంటుంది. అది మూసి పక్కన పెట్టాక ఏం మిగిలిందో పరీక్షకి ముందే చూసుకోండి, గదిలోకి వెళ్ళాక కాదు. ఇంతకంటే నాకు తెలిసింది లేదు.

ఆ గురువారం అక్కడున్నవాళ్ళు వీళ్ళు. పేర్లు రాయను, పేర్లతో పనిలేదు. రూలు పోకుండా గుడ్డ కొస పట్టుకున్న పరీక్ష డాక్టరమ్మ. గుమ్మంలో పెదవి కొరుక్కుంటున్న మా గుంటూరు నర్సమ్మ. పక్కగదిలో మందు నూరడం ఆపి చెవి ఒగ్గిన కాంపౌండరు. కిటికీ అవతల మాడుగుల తాత, పరీక్షకి కూర్చోకుండానే పాసైనవాడు. రేకుల గది గుమ్మంలో ఏమీ తెలియకుండా కూర్చున్న చిన్నపిల్ల. జవాబు కొస దగ్గర, నోటినిండా తప్పులతో నేను. ప్రశ్న కొసని కాలి కింద తొక్కిపెట్టి, మా అప్ప.